ఎవరు ఎవరికి నేర్పారు? దీర్ఘవ్యాధులు, ఆరోగ్యబోధన, వెలివాడ

ఆరోగ్యబోధన చరిత్రని ఇంతవరకు బోధించినవాళ్ళే రాసుకున్నారు. మిషన్ డాక్టర్లు రాశారు, ప్రభుత్వ అధికారులు రాశారు, ఆ తర్వాత స్వచ్ఛంద సంస్థలు నివేదికలు రాశాయి. వీటన్నిటిలోనూ ఒక మాట మాత్రం మారదు: జనానికి తెలియదు, కాబట్టి తెలియజెప్పాలి. ఆ జనం ఎవరని వెతుక్కుంటూ పోతే చాలాచోట్ల మాల, మాదిగ వాడలే కనపడతాయి. పెద్దరోగం, టీబీ కాలం నుంచి ఇవాళ్టి బీపీ, సుగరు దాకా మనమీద పడ్డ ఈ మాటని సాక్ష్యాల ముందు నిలబెట్టి చూడాలన్నదే ఈ వ్యాసంలో మా ప్రయత్నం.

ముందు ఒక దృశ్యం. గుంటూరు జిల్లాలో ఒక మాదిగవాడ. మేము అరుగుమీద కూర్చుని ఉండగా ఆశా కార్యకర్త టేపు పట్టుకొని వచ్చింది. ఆమెదీ ఆ వాడే. ముప్ఫై ఏళ్ళు దాటిన వాళ్ళందరి నడుము చుట్టుకొలత రాసుకోవాలి. పొగాకు వాడతారా, తాగుతారా, ఒంటికి శ్రమ ఉందా అని అడిగి మార్కులు వేయాలి. "రోజుకి అరగంట నడవాలంట అత్తా" అంది. మిరపకోత నుంచి అప్పుడే ఆటో దిగిన పెద్దావిడ, "పొద్దున నాలుగింటికి లేచి పొయ్యి రాజేసి, ఎండలో వంగి కాయలు కోసొచ్చినదాన్ని. ఇంకా ఎక్కడికి నడవమంటావే?" అంది. అందరూ నవ్వారు. ఆశా కూడా నవ్వింది, నవ్వుతూనే కాయితంలో రాసుకుంది. ఆ పెద్దావిడకి బీపీ ఉంది. మాత్రలు అయిపోయి మూణ్ణెల్లయింది. ఆ సంగతి ఎవరూ అడగలేదు, ఆమే చెప్పుకుంది.

ఆ నవ్వులో ఉన్న విమర్శకి నూరేళ్ళ చరిత్ర ఉంది.

పెద్దరోగం: చట్టం, ప్రచారం

తెలుగులో అంటురోగానికీ అంటరానితనానికీ మూలం ఒక్కటే మాట. 'అంటు' అన్న ఆ మాట మనుషుల్ని ఊరి బయట పెట్టడానికి రెండు రకాలుగా పనికొచ్చింది. కుష్ఠురోగం విషయంలో ఇది చట్టంగా కూడా మారింది. 1898లో బ్రిటిష్ ఇండియా ప్రభుత్వం కుష్ఠురోగుల చట్టం చేసింది. ఆ చట్టం రోగులందరి మీదికీ ఒకేలా పోలేదు. ఆధారం లేకుండా తిరిగే రోగిని, బిచ్చమెత్తుకునే రోగిని 'నిరుపేద కుష్ఠురోగి' అని విడదీసి, వారంటు లేకుండా పట్టుకునే అధికారం పోలీసుకిచ్చింది. ఇంట్లో వేరే గది ఉన్నవాడు రోగిగానే మిగిలాడు. గది లేనివాడు పోలీసు కేసయ్యాడు. ఈ చట్టాన్ని పూర్తిగా రద్దు చేసింది 2016లో.

చట్టం ఒక పక్క ఉండగా, మరోపక్క బోధన మొదలైంది. నిజాం రాజ్యంలో, నిజామాబాదు దగ్గర డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్, జార్జి కెర్ దంపతులు 1915లో కుష్ఠు ఆస్పత్రి తెరిచారు. రాజా నర్సాగౌడ్ ఇచ్చిన విరాళం దానికి ఊపిరి పోసింది. అప్పట్లో ఉన్న మందల్లా చాల్‌మోగ్రా జాతి గింజల నూనె, అదీ నొప్పి పుట్టించే ఇంజెక్షన్ల రూపంలో. 1920లలో కలకత్తాలో పనిచేసిన ఎర్నెస్ట్ మ్యూర్ ఒక పద్ధతి రూపొందించాడు: ప్రచారం, చికిత్స, సర్వే. బలవంతంగా పట్టి వేరుచేస్తే రోగులు దాక్కుంటారు, వైద్యం దొరుకుతుందని తెలిస్తే వాళ్ళే వస్తారు అన్నది దాని సారం. 1951లో వార్ధాలో ఏర్పడిన గాంధీ స్మారక కుష్ఠు సంస్థ కూడా సర్వే, బోధన, చికిత్స అన్న మూడింటినీ ఒక కట్టగా కట్టింది.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. ఈ పద్ధతుల్లో బోధన ఎప్పుడూ ఒంటరిగా రాలేదు. దాని చేతిలో మందు ఉంది. 1940లలో సల్ఫోన్ మందులు వచ్చాక, 1980లలో బహుళ ఔషధ చికిత్స వచ్చాక పెద్దరోగం అంటే ఉన్న భయం ఊళ్ళలో ఎక్కువగా తగ్గింది. నయమై పక్కింట్లో తిరుగుతున్న మనిషిని మించిన పోస్టరు ఉండదని మేము భావిస్తున్నాం. ఆ తర్వాత వచ్చిన కార్యక్రమాలు ఈ పాఠంలో మందుని వదిలేసి ప్రచారాన్ని మాత్రం ఉంచుకున్నాయి.

టీబీ: అజ్ఞానం ఎక్కడ దొరికింది?

మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో క్షయ శానిటోరియం మొదలైంది కూడా 1915లోనే. మంచి గాలి, మంచి తిండి, నెలల తరబడి విశ్రాంతి: అప్పటికి వైద్యశాస్త్రం దగ్గరున్న మందు అంతే. అది తప్పని మేము అనడం లేదు. కానీ నెలల తరబడి మంచంమీద పడుకోగలిగేది ఎవరు? ఆ పూట కూలికి పోకపోతే ఆ పూట పొయ్యి వెలగని ఇంటికి విశ్రాంతి అనేది సలహాగా పనికిరాదు.

ఈ ప్రశ్నకి జవాబు మద్రాసు నగరంలో దొరికింది. 1956లో అక్కడ ఏర్పడిన క్షయ పరిశోధనా కేంద్రం పేదవాడల రోగుల్ని రెండు భాగాలు చేసింది. ఒక భాగం శానిటోరియానికి పోయింది. రెండో భాగం తమ ఇరుకు ఇళ్ళలోనే, తమ తిండి తింటూ, అవే మందులు వేసుకుంది. ఏడాది తర్వాత చూస్తే రెండు భాగాల్లోనూ ఫలితం దాదాపు సమానం. ఇంట్లో ఉన్నవాళ్ళ తిండి శానిటోరియం తిండికంటే చాలా నాసి. అయినా మందు క్రమం తప్పకుండా, ఉచితంగా చేతికందితే జబ్బు లొంగింది. 1959లో వెలువడిన ఈ ఫలితం ప్రపంచమంతటా టీబీ వైద్యాన్ని మార్చింది. ఆ మార్పుకి ఆధారమైన ఒళ్ళు మద్రాసు పేదలవి.

అంతకంటే ముఖ్యమైన సాక్ష్యం 1963 నాటిది. బెంగుళూరులోని జాతీయ క్షయ సంస్థ తరఫున దేబబర్ బెనర్జీ, స్టిగ్ ఆండర్సన్ తుమకూరు జిల్లా పల్లెల్లో టీబీ ఉన్నవాళ్ళని వెతికి మాట్లాడారు. పల్లె జనానికి జబ్బు సంగతి తెలియదు, తెలిసినా పట్టించుకోరు అన్నది అప్పటి నమ్మకం. ఈ పరిశోధనలో తేలింది దానికి తలకిందులు. రోగుల్లో అత్యధికులకి తమ ఒంట్లో ఏదో తేడా ఉందని తెలుసు. సగంమందికి పైగా అప్పటికే ఏదో ఒక ఆస్పత్రి గడప తొక్కారు. అక్కడ వాళ్ళకి దొరికింది టీబీ పరీక్ష కాదు, దగ్గుమందు సీసా.

అజ్ఞానం ఉన్నమాట నిజమే, అది ఆస్పత్రిలో దొరికింది. జనానికి తెలియదు అన్న మాటని ఆరోగ్యశాఖ తన సొంత పరిశోధనతోనే పడగొట్టుకుంది. 1962లో మొదలైన జాతీయ క్షయ కార్యక్రమం ఈ పరిశోధనల పునాదిమీదే నిలబడాలనుకుంది, మామూలు ఆస్పత్రిలోనే కఫం పరీక్ష జరగాలంది. కాగితం మీద అది గొప్ప ఆలోచన. అమలులో కఫం పరీక్షకంటే ఉపన్యాసమే తేలికని తేలింది.

తిండి సంగతి మాత్రం తేలకుండా ఉండిపోయింది. మందుంటే నాసి తిండితో కూడా జబ్బు నయమవుతుందని మద్రాసు చూపింది, సరే. అసలు జబ్బు రాకుండా ఉండడానికో? 2023లో వెలువడిన జార్ఖండ్ పరిశోధన దీనికి జవాబు చెప్పింది. టీబీ రోగి ఇంట్లోవాళ్ళకి నెలనెలా బియ్యం, పప్పు అదనంగా ఇస్తే, ఆ ఇళ్ళలో కొత్తగా టీబీ రావడం 39 శాతం తగ్గింది. పప్పు కూడా టీకాలా పనిచేస్తుందన్నమాట. ఇన్నేళ్ళూ మనకి పుష్టికరమైన ఆహారం తినండి అని గోడమీద రాశారు గానీ పప్పు సంచి తెచ్చివ్వలేదు.

బీపీ, సుగరు: వరన్నం, ఉప్పుకారం

బీపీ, సుగరు, గుండెజబ్బు డబ్బున్నోళ్ళ రోగాలని మొన్నమొన్నటిదాకా ఊళ్ళలో అనేవాళ్ళు. 2003-04లో ఉభయ గోదావరి జిల్లాల 45 పల్లెల్లో చావుల లెక్క తీస్తే వాటిలో 32 శాతం గుండె, రక్తనాళాల జబ్బులవే. అంటురోగాలు చాలా వెనకబడిపోయాయి. దీర్ఘవ్యాధి పల్లెకి ఎప్పుడో వచ్చేసింది, ఆస్పత్రే ఇంకా రాలేదు.

ఆ పల్లెల్లోనే తర్వాత ఒక ప్రయోగం జరిగింది. కొన్ని ఊళ్ళలో పోస్టర్లు, వీధినాటకాలు, ర్యాలీలు, సభలతో గుండెజబ్బుల గురించి ప్రచారం చేశారు. కొన్ని ఊళ్ళలో డాక్టర్లు కాని ఆరోగ్య కార్యకర్తలకి, ఎవరికి ప్రమాదం ఉందో లెక్కకట్టే పద్ధతి నేర్పారు. 2012లో ప్రచురించిన ఫలితం ప్రకారం ప్రచారం వల్ల కొలవదగ్గ తేడా ఏదీ కనపడలేదు. కార్యకర్తలకి పని నేర్పిన ఊళ్ళలో మాత్రం ప్రమాదంలో ఉన్నవాళ్ళని గుర్తుపట్టడం పెరిగింది. వీధినాటకం పనికిరాదని దీని అర్థం కాదు. వీధినాటకం అయ్యాక మర్నాడు ఆ వీధిలో ఏముంది అన్నదే ప్రశ్న.

తిండి గురించి చేసే బోధనకి చరిత్ర అసలే తెలియదు. "తెల్లన్నం మానండి, జొన్నలు, రాగులు తినండి" అని ఇవాళ డాక్టర్లు చెప్తున్నారు. మా అమ్మమ్మల కాలంలో జొన్నకూడు, సంకటి, గంజి దళితవాడ తిండి. వరన్నం పండక్కో పెళ్ళికో. వరన్నం తినడమంటే కడుపు నిండడమొక్కటే కాదు, దొర తిన్నది మనమూ తినడం. 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం పథకం తెచ్చినప్పుడు వాడల్లో ఆకలి తగ్గింది, దాంతోపాటు ఒక అవమానమూ తగ్గింది. అదే బియ్యం, పక్కన కూరగాని పప్పుగాని లేకుండా, నలభై ఏళ్ళపాటు రోజుకి మూడు పూటలా తినాల్సి వచ్చినప్పుడు ఒంటికి ఏం చేస్తుందన్నది రెండో సంగతి. ఈ రెండూ నిజమే. రెండో నిజం ఒక్కటే చెప్పేవాడి మాట మా అమ్మలకి పాత ఎగతాళిలాగే వినపడుతుంది. పైగా ఒకప్పుడు కూలోళ్ళ తిండి అని చిన్నచూపు చూసిన చిరుధాన్యాలు ఇప్పుడు పట్నంలో సన్నబియ్యాన్ని మించిన ధర పలుకుతున్నాయి.

ఉప్పు సంగతీ అంతే. "ఉప్పు తగ్గించండి" అన్నది వైద్యపరంగా సరైన మాటే, మేమూ ఒప్పుకుంటాం. అయితే అన్నంలోకి కూర లేని ఇంట్లో గొడ్డుకారం, ఊరగాయ, ఎండుచేప ఇవే కూర. ఉప్పు తగ్గించమంటే అక్కడ కూర మానమన్నట్టు. ఆ ఉప్పుని తగ్గించేది కూర. కలుపు తీసేటప్పుడు ఒడిలో ఏరుకొచ్చుకునే గంగపాయల కూర, తోటకూర, పొన్నగంటికూర అలా కొంత పూడ్చేవి. కలుపుమందు కొట్టిన చేలో కలుపూ లేదు, కలుపు కూలీ లేదు, కూరా లేదు. జహీరాబాద్ ప్రాంతంలో 1983 నుంచి పనిచేస్తూ వచ్చిన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత స్త్రీలు బీడునేలల్ని సాగులోకి తెచ్చి, 1990లలో సొంతంగా జొన్నల పంపిణీ నడిపి ఈ లింకుని చేతల్లో చూపించారు. వాళ్ళకి జొన్న డాక్టరు సలహాగా రాలేదు. తమ నేల, తమ విత్తనం, తమ నిర్ణయం అయ్యాక వచ్చింది.

నేర్చుకోవాల్సినవాళ్ళే నేర్పినప్పుడు

మహారాష్ట్రలో, అప్పటి అహ్మద్‌నగర్ జిల్లా జామ్‌ఖేడ్‌లో 1970లో రజనీకాంత్ ఆరోళె, మేబెల్ ఆరోళె అనే డాక్టరు దంపతులు పని మొదలుపెట్టారు. మొదట చదువుకున్న నర్సుల్ని పల్లెలకి పంపారు. అది నడవలేదు. అప్పుడు ఊరివాళ్ళు ఎంచిన స్త్రీలకి శిక్షణ ఇచ్చారు. వాళ్ళలో దళిత స్త్రీలు చాలామంది, అక్షరం రానివాళ్ళు ఎక్కువమంది. వారంవారం జామ్‌ఖేడ్ వచ్చి, కలిసి తిని, కలిసి పడుకొని, ఆ వారం ఊళ్ళో ఏం జరిగిందో చెప్పుకొని, కొత్తది నేర్చుకొని పోయేవాళ్ళు. కులాలు వేరైన ఆడవాళ్ళు ఒక కంచం దగ్గర కూర్చోవడమే అక్కడ మొదటి పాఠం. కాన్పులు, పిల్లల విరేచనాలతో మొదలుపెట్టి టీబీ, కుష్ఠు రోగుల్ని ఇంటిదగ్గరే చూసుకునే దాకా వచ్చారు. తర్వాతి కాలంలో బీపీ, సుగరు కూడా వాళ్ళ పనిలో చేరాయి.

అక్కడ నీళ్ళకోసం చేతిపంపులు వేయించేటప్పుడు అవి దళితవాడలో పడేలా చూసుకున్నారు. నీళ్ళు కావాల్సిన పై కులాలవాళ్ళు వాడలోకి రావాల్సివచ్చింది. 1927లో మహాడ్ చెరువు దగ్గర అంబేడ్కర్ నాయకత్వంలో మనవాళ్ళు నీళ్ళదాకా నడిచిపోయారు. జామ్‌ఖేడ్ పల్లెల్లో నీళ్ళే ఇటు నడిచొచ్చాయి. ఆరోగ్యబోధన అంటే మేము అనుకునేది ఇది. జామ్‌ఖేడ్ కార్యకర్త ముక్తాబాయి పోల్ 1988లో వాషింగ్టన్‌లో జరిగిన ఆరోగ్య సదస్సులో నిలబడి తన పని గురించి చెప్పింది.

దేశం ఈ అనుభవం నుంచి ఏం తీసుకుంది? 1977 అక్టోబర్ 2న కేంద్రప్రభుత్వం గ్రామీణ ఆరోగ్య కార్యకర్తల పథకం పెట్టింది. వెయ్యిమందికి ఒకరు, మూణ్ణెల్ల శిక్షణ, నెలకి 50 రూపాయలు. ఎంపికైనవాళ్ళలో మగవాళ్ళే ఎక్కువ. చాలాచోట్ల ఊరి పెద్దల మనుషులకే అవి దక్కాయన్న విమర్శ వచ్చింది. జామ్‌ఖేడ్‌లో పనిచేసిన మనిషిని వదిలేసి ఆ మనిషి చేతిలోని పెట్టెని మాత్రం దేశమంతా పంచారు.

మన నేలమీద జరిగిన ఉదాహరణ నెల్లూరు. 1990లో ఆ జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం మొదలైంది. వయోజనుల వాచకంలో సారా వల్ల చితికిపోయిన ఇల్లు గురించిన పాఠం ఒకటుంది, సీతమ్మ కథ. రాత్రిబడిలో ఆ పాఠం చదివిన కూలి ఆడవాళ్ళు అది తమ కథే అన్నారు. దూబగుంటలో స్త్రీలు సారా దుకాణాన్ని నిలిపేశారు. దూబగుంట రోశమ్మ పేరు రాష్ట్రమంతా వినపడింది. 1992లో ఆ గాలి జిల్లా దాటింది. 1993 అక్టోబర్ 1 నుంచి సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. రెండోదాన్ని 1997లో ఎత్తేశారు.

దీన్ని స్త్రీల ఉద్యమంగా, మద్య వ్యతిరేక ఉద్యమంగా రాశారు. అది సరే. ఆరోగ్యబోధన చరిత్రలో కూడా దీనికి చోటుండాలని మేము అంటున్నాం. కాలేయం చెడటం, బీపీ పెరగడం, టీబీ తిరగబెట్టడం, వీటన్నిటి వెనకా తాగుడుంది. ఆరోగ్యశాఖ అదే సంగతిని తాగేవాడి అలవాటుగా చెప్పి ఊరుకుంటుంది. నెల్లూరు ఆడవాళ్ళు అలవాటు వెనకున్న దుకాణాన్ని, దుకాణం వెనకున్న వేలంపాటని, వేలంపాట వెనకున్న ఖజానాని చూశారు. పాఠం ఒక్కటే, చదివినవాళ్ళు దాన్ని ఎంతదూరం తీసుకుపోయారన్నదే తేడా. 1997 నాటి ఎత్తివేత కూడా ఒక పాఠమే: జనం నేర్చుకున్నదాన్ని ఖజానా మరిపించగలదు.

ఇప్పుడు

2005లో వచ్చిన ఆశా కార్యకర్తలు, 2010లో మొదలైన దీర్ఘవ్యాధుల నివారణ కార్యక్రమం కలిసి ఇవాళ వాడవాడకీ వస్తున్నాయి. ఇది మంచిదే. సమైక్య రాష్ట్రంలో 2008లో 104 బండ్లు ఊరికి వచ్చి బీపీ, సుగరు మాత్రలు ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు, బండి వచ్చే రోజు కూలి మానుకొని క్యూలో నిలబడ్డ ముసలమ్మల్ని మేము చూశాం. వాళ్ళకి బీపీ గురించి ఎవరూ ఉపన్యాసం ఇవ్వక్కర్లేకపోయింది. ఆశాలకి ఆంధ్రప్రదేశ్‌లో 2019లో నెలకి 10,000 రూపాయలు చేశారు, అదీ రోడ్డెక్కిన తర్వాతే. దాన్ని జీతం అనరు, గౌరవవేతనం అంటారు. మన ఆడవాళ్ళ పనికి జీతం ఇవ్వాల్సి వచ్చినప్పుడల్లా గౌరవం ముందుకొస్తుంది.

ప్రతి దళితవాడలో నీలిసూటు వేసుకున్న అంబేడ్కర్ విగ్రహముంది. ఆయన చివరి ఏళ్ళన్నీ సుగరుతో, నరాల నొప్పులతో గడిపారని ఎంతమందికి తెలుసు? 1948లో వైద్యంకోసం బొంబాయి వచ్చి, ఆ ఏప్రిల్‌లోనే డాక్టరైన సవితా అంబేడ్కర్‌ని పెళ్ళిచేసుకున్నారు. తిండి, మందు ఆమె చూసుకుంటూ ఉండగా రాజ్యాంగం పని పూర్తిచేశారు. సుగరున్న మనిషి ఎంత పని చేయగలడో చెప్పడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ మనకి లేదు. మందు, తిండి, పక్కన తెలిసిన మనిషి ఉంటేనే అది సాధ్యమైందన్న సంగతీ అందులోనే ఉంది. ఏ పోస్టరుమీదా ఈ పాఠం మేము చూడలేదు.

బోధించు, సమీకరించు, పోరాడు అని మనం జెండాలమీద రాసుకుంటాం. ఆరోగ్యశాఖ మొదటి మాట తీసుకొని మిగతా రెండూ వదిలేసింది. ఆ రెండూ మనమే పట్టుకోవాలి. అంబేడ్కర్ సంఘాలు ఏప్రిల్ 14న రక్తదాన శిబిరాలు పెడుతున్నాయి. దానితోపాటు ఒక నోటుపుస్తకం పెట్టమని మేము కోరుతున్నాం. వాడలో బీపీ, సుగరు, టీబీ ఎవరెవరికి ఉందో, ఆ నెల మాత్రలు ఎవరికి అందాయో, ఎవరికి అందలేదో, రేషన్లో పప్పు వచ్చిందో లేదో వాడ ఆడవాళ్ళే రాయాలి. ఆ పుస్తకం వాడలోనే ఉండాలి, పేర్లు బయటికి పోకూడదు, లెక్క మాత్రం బయటికి రావాలి. నెలకోసారి ఆ లెక్క పట్టుకొని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పోవాలి.

మిరపకోత నుంచి వచ్చిన ఆ పెద్దావిడకి నడక నేర్పక్కర్లేదు. మూణ్ణెల్లుగా అందని మాత్రలు ఎక్కడ ఆగాయో కనుక్కోవడం మనం నేర్చుకోవాలి.